జామాకు మౌత్‌వాష్: ఎనిమిది వారాల డైరీ, పారబోసిన సీసాలతో సహా

జనవరిలో రెండు పిప్పిపళ్లకు సిమెంటు పెట్టించుకుని, గార తీయించుకున్నాను. డాక్టరమ్మ క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మౌత్‌వాష్ రాశారు. పూటకు 10 మి.లీ., రెండు వారాలే, అంతకు మించి వద్దన్నారు. పదో రోజుకల్లా పప్పులో ఉప్పు తెలియడం మానేసింది. ఉప్పెందుకు వేయలేదని ఇంట్లో గొడవ పెట్టుకున్నాక, సీసాతో వచ్చిన కాగితం చదివితే తప్పు వంటది కాదు, నా నాలుకదని తెలిసింది. కింది ముందు పళ్ల వెనక గోధుమరంగు గీత కూడా పడింది. పళ్ల పాచిని పట్టి ఉంచడంలో ఆ మందును మించింది లేదంటారు, కాదనను. కానీ అది రోజూ వాడేది కాదు. రోజూ వాడేది ఇంట్లో కాచుకోగలమా అని మొదలుపెట్టిన పని ఇది. నేను స్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, దంతవైద్యుణ్ణి కాను. పన్ను నొప్పి, చిగురు వాపు ఉన్నవాళ్లు ఇది చదవడం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సామాను

పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే అంకె, 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు) కొలిచే పెన్ను (పసుపు రంగుది, పెన్ను సరిచూసుకోవడానికి 4.01, 6.86 బఫర్ పొడి పొట్లాలతో వచ్చింది) 780 రూపాయలు. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా 450. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్లు 110. వంటింటి కాటా ఉంది కదా అని మొదట దాంతోనే సరిపెట్టుకోబోయాను. దాని మీద రెండు గ్రాముల లవంగాలు పెడితే ఒకసారి 1 అంది, ఇంకోసారి 3 అంది. 5 గ్రాముల లోపు తూకాలకు అది పనికిరాదు.

ఖర్చు: 1,340.

దశ 1 (1వ వారం): త్రిఫల

అందరూ చెప్పేది ఇదే కాబట్టి దీంతోనే మొదలుపెట్టాను. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, మూడింటి పొడి. 100 గ్రాములు 95 రూపాయలు.

1. చూర్ణం 20 గ్రాములు, క్యాన్ నీళ్లు 400 మి.లీ. స్టీలు గిన్నెలో పోశాను.
2. సన్నని మంట మీద సగానికి, అంటే 200 మి.లీ.కి మరిగించాను.
3. టీ జాలీలో వడపోస్తే అడుగున బురద మిగిలింది. పాత ధోవతి గుడ్డ నాలుగు మడతలు వేసి మళ్లీ వడపోశాను.
4. రోజుకు రెండుసార్లు 20 మి.లీ. నోట్లో పట్టి, అర నిమిషం పుక్కిలించి ఉమ్మేశాను.

పెన్ను ముంచితే 5.4 చూపించింది. పర్వాలేదనుకున్నాను. నాలుగో రోజు పొద్దున చల్లటి నీళ్లు తాగితే కింది పళ్లు జివ్వుమన్నాయి. చింతకాయలు తిన్న మర్నాడు పళ్లు పులిసినట్టు.

అప్పుడు చేశాను మొదటి రోజే చేయాల్సిన పని. బఫర్ పొడి పొట్లం విప్పి, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పెన్ను ముంచాను. 6.86 చూపించాల్సిన చోట 8.3 చూపించింది. 4.01 బఫర్‌లో 5.5. అంటే పెన్ను దాదాపు ఒకటిన్నర ఎక్కువ చెబుతోంది. వెనకనున్న చిన్న స్క్రూ తిప్పి సరిచేసి, మళ్లీ త్రిఫలలో ముంచితే 3.9.

దీన్ని ఎందుకింత పట్టించుకోవాలంటే, పంటి పైపొర ఎనామెల్ సుమారు 5.5 కంటే కింద ఖనిజాన్ని కోల్పోవడం మొదలవుతుంది. పిప్పిపన్ను వచ్చేదీ ఆ దారినే. తీపి తిన్న కొద్ది నిమిషాలకే పాచిలోని స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ లాంటి బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తాయి, నోట్లో అంకె 5.5 కిందికి దిగుతుంది, లాలాజలం దాన్ని మళ్లీ పైకి లేపడానికి అర గంట నుంచి గంట పడుతుంది. పిప్పిపళ్లు రాకూడదని నేను రోజుకు రెండుసార్లు 3.9 ఉన్న పులుపు నోట్లో పోసుకుంటున్నాను. ఉసిరి పులుపు, కరక్కాయ వగరు, రెండూ ఆమ్లాలే. నిమ్మరసమంత కాదు, అర నిమిషమే, నిజమే. అయినా రోజూ చేసే పనికి ఇది పనికిరాదు.

కోడిగుడ్డు పెంకు ముక్క ఒకటి రాత్రంతా అందులో వేసి చూశాను. సన్నని బుడగలు లేచాయి, పొద్దున్నకి పెంకు గరుకెక్కి గోధుమరంగు పట్టింది. బరువు కూడా తూచాను, కానీ ఆ అంకె రాయడం లేదు. సున్నం కరిగి ఎంత తగ్గిందో, కరక్కాయ రంగు పట్టి ఎంత పెరిగిందో విడదీయలేం. పైగా పెంకు పన్ను కాదు, అది పన్ను కంటే తేలిగ్గా కరుగుతుంది. నన్ను నేను భయపెట్టుకోవడానికి తప్ప దానివల్ల ఉపయోగం లేదు.

ఇంకో కొలత. ఇదే కషాయం మా బోరు నీళ్లతో కాస్తే 4.5 వచ్చింది, అడుగున మడ్డి కూడా ఎక్కువ. బోరు నీళ్లలోని సున్నపు లవణాలు కొంత పులుపును చంపుతాయి. కాబట్టి ఎవరైనా అంకెలు చెబితే ఏ నీళ్లతో కాచారో అడగండి.

ఇప్పటిదాకా మొత్తం ఖర్చు: 1,435. పారబోసింది: 240 మి.లీ.

దశ 2 (2వ వారం): సోడా వేసి సరిచేద్దామని

పులుపుంటే తినే సోడా వేస్తే సరి అనుకున్నాను. 200 మి.లీ. త్రిఫలకు అర గ్రాము చొప్పున:

సోడా లేకుండా: 3.9, టీ రంగు
0.5 గ్రా.: 4.8, నురుగు
1.0 గ్రా.: 5.7, కాఫీ రంగు
1.5 గ్రా.: 6.6, గంటకల్లా దాదాపు నలుపు

అంకె బాగుంది, ద్రవం బాగోలేదు. వగరు పదార్థాలు, అంటే టానిన్లు, క్షారం తగిలితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లబడతాయి. తెల్ల పెంకు ముక్క అందులో పది నిమిషాలుంచితే మరక పడింది, కడిగినా పోలేదు. క్లోర్‌హెక్సిడిన్ మరక వద్దనుకుని బయల్దేరిన మనిషికి ఇది ఏం లాభం?

అదే వారం ఇంకొకటి జరిగింది. ఫ్రిజ్‌లోంచి తీసిన త్రిఫల చల్లగా ఉందని మా అమ్మ నామీద ప్రేమతో ఇనుప మూకుడులో వెచ్చబెట్టింది. నేను వంటింట్లోకి వెళ్లేసరికి మూకుడు నిండా సిరా. అమ్మ కంగారుపడింది గానీ, నాకు మాత్రం ఆ రోజు ఎనిమిదో తరగతికి చెప్పాల్సిన పాఠం దొరికింది. కరక్కాయ టానిన్, ఇనుము కలిస్తే నలుపు. శ్రీకాళహస్తిలో, పెడనలో కలంకారీ వాళ్లు చేసేది అదే. బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన కసిమితో గీత గీస్తే, ఆ బట్ట మీద అది నల్లగా పట్టుకుంటుంది, ఉతికినా పోదు. చీర మీద ఎంత అందమో, పళ్ల మీద అంత అనర్థం. స్టీలు గిన్నె తప్ప ఇంకేదీ వాడొద్దు. ఐరన్ మాత్రలు, టానిక్కు వేసుకునేవాళ్లు వాటికీ వీటికీ మధ్య ఎడం పాటించండి.

ఖర్చు: 1,450. పారబోసింది: 840 మి.లీ.

దశ 3 (3వ వారం): ఆకు మార్చడం

త్రిఫల వదిలేశాను. పులుపు తక్కువుండాలి, వగరు కొంచెమే ఉండాలి, పెరట్లో దొరకాలి. వేపాకు, జామాకు రెండూ కాచాను.

వేపాకు గురించి ఎక్కువ చెప్పను. అంకె 6.2, బాగానే ఉంది. చేదు మాత్రం భరించలేం, మా పాప వాసనకే బాత్రూంలోంచి పారిపోయింది. వేపపుల్ల నమలడం వేరు, అక్కడ పుల్ల పీచే సగం పని చేస్తుంది. ఒక్క హెచ్చరిక: ఆకు బదులు వేపనూనె వాడదామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోండి. చిన్నపిల్లల కడుపులోకి పోతే అది విషం.

జామాకు కుదిరింది. లేతవీ ముదురువీ కాని మధ్యరకం ఆకులు 30 గ్రాములు, సుమారు ఇరవై. 500 మి.లీ. నీళ్లలో మూత పెట్టి పది నిమిషాలు. అంకె 5.9. చిటికెడు, అంటే 0.2 గ్రాముల సోడాతో 7.1. రంగు కాస్త ముదిరింది, నల్లబడలేదు.

ఇక లవంగం. ఇక్కడే పెద్ద తప్పు చేశాను. లవంగ నూనె సీసా (120 రూపాయలు) తెచ్చి, 200 మి.లీ.లో పది చుక్కలు వేసి, కలిపి, పక్కన పెట్టి, ఫోన్ మాట్లాడి వచ్చి నోట్లో పోసుకున్నాను. నూనె నీళ్లలో కలవదని పదేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను! కలవకుండా విడిగా చేరిన నూనె అంతా ఒక్క గుక్కలోనే వచ్చేసింది. నాలుక కొన భగ్గుమంది, కుడి బుగ్గ లోపల తెల్లగా మచ్చకట్టి రెండు రోజుల తర్వాత పొర ఊడింది. మూడు రోజులు పెరుగన్నమే. లవంగంలోని యూజినాల్ పన్ను నొప్పికి వాడేదే, కానీ చిక్కగా తగిలితే నోటి పొరను కాలుస్తుంది. కొనే మౌత్‌వాష్‌లలో నూనెను నీళ్లలో పట్టి ఉంచడానికి ఆల్కహాలో, ఇంకేదైనా కలిపే పదార్థమో ఉంటుంది. మన దగ్గర అవేవీ లేవు.

మార్పు: నూనె బయటపడేసి, ఎండు లవంగాలే 2 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి ఆకుతోపాటు మరిగించాను. ఘాటు తగ్గింది, వాసన మిగిలింది. ఉప్పు 4 గ్రాములు.

ఖర్చు: 1,640 (లవంగాలు 70 కలిపి). పారబోసింది: 1,340 మి.లీ.

దశ 4 (4వ వారం): పాడవడం

మార్చి చివరి వారం, నల్లగొండలో మధ్యాహ్నం 40 డిగ్రీలు. 100 మి.లీ. సీసాలు నాలుగు:

అ. జామాకు, అల్మారాలో: 36 గంటలకు వాసన, మూడో రోజు పైన పొర
ఆ. జామాకు, ఫ్రిజ్‌లో: ఐదో రోజు వాసన మారింది
ఇ. మొదటివారం లాంటి త్రిఫల, అల్మారాలో: ఐదో రోజుకు పొర
ఈ. జామాకు, నిలవకు వేసే సోడియం బెంజోయేట్ 0.1 గ్రాము, అల్మారాలో: అ లాగే మూడో రోజు పొర

ఈ సీసా నన్ను ఒక పూట ఆలోచనలో పడేసింది. పచ్చళ్లలో, స్క్వాష్‌లలో పనిచేసే బెంజోయేట్ ఇక్కడెందుకు చేయలేదు? అది పులుపులోనే పనిచేస్తుంది. సుమారు 4.5 దాటితే దాని బలం పడిపోతుంది. నేను పళ్ల కోసం పులుపు తీసేశాను, ఆ పులుపే కషాయాన్ని కాపాడేది. పళ్లకు మంచిది నిలవ ఉండదు, నిలవ ఉండేది పళ్లకు మంచిది కాదు. ఈ ముడి ఇంటి వంటగదిలో విడదు, అందుకే దాని చుట్టూ తిరిగి వెళ్లాను.

1. 500 మి.లీ. కాచి, వడపోసి, పూర్తిగా చల్లార్చాలి.
2. ఐస్ ట్రేలో పోయాలి. నా ట్రేలో ఒక్కో గడి 18 మి.లీ. మరిగి, ఆకు పీల్చుకోగా మిగిలినదానికి 23 గడులు నిండాయి.
3. రోజుకొక ముక్క పొద్దున గ్లాసులో వేసి మూత పెడితే మధ్యాహ్నానికి కరుగుతుంది.
4. కరిగాక అడుగున మడ్డి చేరుతుంది, చల్లబడ్డ టీ మబ్బుగా మారినట్టు. పాడైనట్టు కాదు. గ్లాసు ఒకసారి తిప్పి వాడాలి.

మూడు వారాలు నిలవ ఉంది. అంతకుమించి ఉంచి చూడలేదు.

ఖర్చు: 1,830 (రెండు ట్రేలు 130, బెంజోయేట్ 60). పారబోసింది: 1,740 మి.లీ.

దశ 5 (5 నుంచి 8వ వారం వరకు): అసలు పని చేస్తోందా?

పిప్పిపళ్లు తగ్గాయా లేదా అన్నది నాలుగు వారాల్లో తేలదు, దానికి ఏళ్లు పడుతుంది. మూలికల మౌత్‌వాష్‌ల మీద పరిశోధనలు చాలా ఉన్నాయి గానీ వాటిలో ఎక్కువ భాగం కొన్ని వారాలు చేసి పాచిని, బ్యాక్టీరియాను లెక్కపెట్టినవే. ఇంట్లో నేను చేయగలిగిందీ పాచి లెక్కే.

ఓ లియరీ 1972లో ఇచ్చిన పద్ధతి సులువైంది. ప్రతి పంటికి నాలుగు పక్కలు. రంగు పూసి, నీళ్లతో ఒకసారి పుక్కిలించి, చిగురు అంచున రంగు అంటిన పక్కలెన్నో లెక్కపెట్టాలి. నాకు 28 పళ్లు, 112 పక్కలు. రంగుకు మిఠాయిల్లో వేసే ఎర్ర ఫుడ్ కలర్ (40 రూపాయలు) దూదితో పూశాను. పాత బనియన్ వేసుకుని చేయండి.

లెక్కపెట్టింది మా ఆవిడ, ఫోన్ టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి. ఇక్కడో చిక్కు. నేను పెరిగింది ఫ్లోరైడ్ బోరు నీళ్ల మీద, పై ముందు పళ్లు రెండింటి మీద గోధుమ మచ్చలున్నాయి. మొదటిసారి ఆమె వాటినీ లెక్కలో వేసింది. రంగు పూయకముందు ఒక ఫోటో తీసి పక్కన పెట్టుకున్నాక సరైంది.

మొదటి లెక్క, ఏమీ మార్చకముందు: 54 పక్కలు (48 శాతం)
5వ వారం, ఉత్త నీళ్లు: 41 (37 శాతం)
6వ వారం, ఉప్పు నీళ్లు: 40 (36 శాతం)
7వ వారం, జామాకు: 38 (34 శాతం)
8వ వారం, జామాకు, రాత్రిపూట పళ్ల సందులు శుభ్రం చేసే ఫ్లాస్ దారం: 19 (17 శాతం)

5వ వారం రాత్రి అనుమానం వచ్చి ఆమెనే మళ్లీ లెక్కపెట్టమన్నాను. ఈసారి 45. అదే నోరు, అదే గంట, నాలుగు తేడా. అంటే 41, 40, 38 మధ్య తేడాకు అర్థమేమీ లేదు. ఉత్త నీళ్ల వారానికే 13 తగ్గాయంటే నీళ్ల మహిమ కాదు, ఎవరో టార్చి వేసి చూస్తారని నేను బ్రష్ శ్రద్ధగా చేసుకున్నాను. ఏ వారం ఏది వాడుతున్నానో ఆమెకు చెప్పకూడదనుకున్నాం గానీ, లవంగం వాసన చెప్పేసింది. లెక్కలో పెద్ద మార్పు తెచ్చింది 160 రూపాయల దారం. మూలికల మీద డైరీ రాస్తూ ఈ మాట రాయాల్సి రావడం నాకు కాస్త కష్టంగానే ఉంది.

ఖర్చు: 2,030.

మధ్యలో ఒక మాట, ఫ్లోరైడ్ గురించి

మా జిల్లాలో ఫ్లోరైడ్ అన్న మాట వింటేనే జనానికి ఒళ్లు మండుతుంది, కారణం లేకపోలేదు. వంగిన ఎముకలు, మచ్చల పళ్లు మా బంధువుల్లోనే ఉన్నాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ వాళ్లు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. అందుకే ఫ్లోరైడ్ లేని మూలికల మౌత్‌వాష్ అంటే ఇక్కడ వెంటనే అమ్ముడుపోతుంది. నా కషాయంలో ఎనామెల్‌ను తిరిగి గట్టిపరిచే గుణమేదీ లేదు, పేస్టులోని ఫ్లోరైడ్‌కు అది ఉంది. పళ్ల మీద మచ్చలు పడేది చిన్నతనంలో, లోపల పళ్లు తయారవుతున్నప్పుడు ఎక్కువ మోతాదు మింగితే. పెద్దవాళ్లు పేస్టుతో తోముకుని ఉమ్మేయడం వేరే సంగతి. పేస్టు మానలేదు, మానమని చెప్పను.

దీనివల్ల ఒక మార్పు చేశాను. మొదట్లో బ్రష్ అయిన వెంటనే పుక్కిలించేవాణ్ణి. అలా చేస్తే పళ్ల మీద మిగిలిన పేస్టు కొట్టుకుపోతుంది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం తర్వాత, స్టాఫ్‌రూంలో టీ బిస్కెట్లు తిన్నాక. నోట్లో పులుపు పెరిగే వేళ అదే.

ఇప్పుడు కాస్తున్నది

1. జామాకు 15 గ్రాములు (30 నుంచి తగ్గించాను, కారణం కింద), లవంగం 2 గ్రాములు, ఉప్పు 4 గ్రాములు, క్యాన్ నీళ్లు 500 మి.లీ.
2. స్టీలు గిన్నె, మూత, పది నిమిషాలు.
3. గుడ్డతో వడపోత, చల్లారాక సోడా. 0.1 గ్రాముతో మొదలుపెట్టి 7 దగ్గర ఆపాలి.
4. ఐస్ ట్రే.
5. ఒక ముక్క, అర నిమిషం, ఉమ్మేయాలి. ఆరేళ్ల లోపు పిల్లలకు వద్దు, వాళ్లు మింగేస్తారు.

ఒక్కో ట్రేకు ఆకు ఊరికే, మిగతావి కలిపి నాలుగైదు రూపాయలు. పెన్ను, కాటా ధర లెక్కేసుకుంటే ఇంకో రెండేళ్లకు గానీ కొన్న సీసా కంటే చవక కాదు.

ఆకు సగానికి ఎందుకు తగ్గించానంటే, 8వ వారం చివర డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే కింది ముందు పళ్ల వెనక మళ్లీ లేత గోధుమ గీత చూపించారు. క్లోర్‌హెక్సిడిన్ ఆపి రెండు నెలలైంది, ఆ గీత అప్పుడే పాలిష్ పెట్టి తీసేశారు కూడా. ఇది జామాకుది. టానిన్ టానినే.

ఇంకో సంగతి, ట్రే మీద పేరు రాసి పెట్టండి. ఉగాదికి వచ్చిన మా బావ ఫ్రీజర్ తీసి, ఐస్ టీ ముక్కలనుకుని నిమ్మరసంలో రెండు వేసుకున్నాడు. సగం తాగాక లవంగం ఎవరు వేశారని అడిగాడు. ఇప్పుడా ట్రేకు ఎర్ర టేపు అంటించి ఉంది.